చవగ్గా బ్లాక్ అండ్ వైట్ ఫోటో పేపర్: నెల్లూరు, ఒంగోలు మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా ఇంటి వెనకవైపు బాత్రూమ్ రాత్రి తొమ్మిది దాటాక డార్క్‌రూమ్ అవుతుంది. స్టూలు మీద ఎన్లార్జర్ (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం), నేల మీద మందుల ట్రేలు మూడు, కిటికీకి నల్ల గుడ్డ. ఈ సంగతి తెలిసినవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. నాన్న స్టూడియో మూసేశాక అటక మీద పడున్న ఎన్లార్జర్‌ని దించినవాళ్లు కొందరు, ఫిల్మ్ కెమెరా మీద కొత్తగా మోజు పడ్డ కాలేజీ పిల్లలు కొందరు. కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు తరచూ మాట్లాడతారు. అందరిదీ మొదటి మాట ఒకటే: "అన్నా, చవగ్గా వచ్చే పేపర్ ఏది?" ఫోన్లో చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెట్టాను.

ఇవన్నీ చదివే ఓపిక లేదు. మొదటిసారి ఏది కొనాలో చెప్పండి చాలు.

ఆర్‌సీ రకం (ప్లాస్టిక్ పొర ఉన్నది) మల్టీగ్రేడ్ పేపర్ (ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకోగలిగేది), 8×10 అంగుళాల సైజు, వంద షీట్ల పెట్టె. కంపెనీ కెంట్‌మియర్ అయినా సరే, ఫోమా అయినా సరే, ఆ వారం ఏది తక్కువకి దొరికితే అది. వంద షీట్లకి డబ్బు చాలకపోతే అదే పేపర్ 5×7లో వంద తీసుకోండి. ఆ పెట్టె అయిపోయేదాకా ఇంకో పేపర్ జోలికి పోవద్దు. ఈ చివరి మాటే చాలామంది వినరు.

చవక అంటే తక్కువ ధర పేపరే కదా? ఇందులో ఆలోచించడానికేముంది?

పెట్టె మీద ధర చూసి కొంటే మోసపోతాం. చూడాల్సింది ఒక మంచి ప్రింటు చేతికి వచ్చేసరికి ఎంత ఖర్చయిందన్నది. లెక్క కోసం అనుకుందాం: ఒక పేపర్ షీటు 50 రూపాయలు, ఇంకొకటి 80. యాభై రూపాయల పేపర్ పాతబడి మసకబారిందో, మీకు అలవాటు లేనిదో అయితే ఒక ప్రింటు కుదిరేసరికి నాలుగు షీట్లు పోతాయి. అంటే 200. ఎనభై రూపాయల పేపర్ మీకు బాగా తెలిసినదైతే రెండో షీటుకే పని అయిపోతుంది. అంటే 160. ఏది చవక?

నా మొదటి ఏడాది నోటుబుక్కు తీసి చూస్తే చెత్తబుట్టలోకి పోయిన షీట్లలో పేపర్ తప్పు వల్ల పోయినవి చాలా తక్కువ. టెస్ట్ స్ట్రిప్ (ఎన్ని సెకన్ల లైటు కావాలో చూసే చిన్న ముక్క) వేయకుండా నేరుగా పెద్ద షీటు పెట్టడం, మధ్యలో వోల్టేజ్ పడిపోవడం, ఎర్ర బల్బు సరైనది కాకపోవడం, డెవలపర్ (బొమ్మని పైకి తెచ్చే మందు) వేడెక్కిపోవడం, ఇవే ఎక్కువ. అందుకే కింద పేపర్ గురించి ఎంత రాశానో, పేపర్ దుబారా గురించి కూడా అంతే రాశాను.

మా నాన్న కాలంలో ఇందు పేపర్, ఆగ్‌ఫా పేపర్ ప్రతి స్టూడియోలోనూ ఉండేవి. అవి ఇప్పుడు రావా?

రావు. ఇందు అనేది ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల బ్రాండు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కొడాక్ 2005లో బ్లాక్ అండ్ వైట్ పేపర్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జర్మనీలో ఆగ్‌ఫా ఫోటో కంపెనీ దివాలా తీసింది. పాత స్టూడియోవాళ్లు ఇప్పటికీ ఏ పేపర్‌నైనా బ్రోమైడ్ పేపర్ అనే అంటారు, ఆ మాట మాత్రం మిగిలింది.

ఇప్పుడు మనకు ఎక్కువగా వినపడే పేర్లు మూడు. ఇల్ఫర్డ్, కెంట్‌మియర్ రెండూ ఇంగ్లాండులో మోబర్లీ అనే ఊళ్లో ఉన్న హార్మన్ కంపెనీవే. ఇల్ఫర్డ్ ఖరీదు ఎక్కువ, కెంట్‌మియర్ అదే ఇంటి చవక సరుకు. మూడోది చెక్ దేశపు ఫోమా, 1921 నుంచి నడుస్తున్న కంపెనీ. ఏది కొన్నా సముద్రం దాటి రావాల్సిందే. కస్టమ్స్ సుంకం, కొరియర్, డాలరు, యూరో రేటు అన్నీ మన పెట్టె ధరలో కలిసి ఉంటాయి. మన దేశంలో తయారైన చవక పేపర్ ఉందేమోనని వెతుకుతూ నెలలు పోగొట్టుకోకండి.

ఆర్‌సీ అంటే ప్లాస్టిక్ పేపర్ కదా? ఫైబర్ పేపరే అసలైనదని పెద్దాయన ఒకరు చెప్పారు.

పెద్దాయన తప్పేమీ చెప్పలేదు. కానీ ఆయన కాలంలో స్టూడియో వెనక బావి ఉండేది, నీళ్లు తోడిపోయడానికి కుర్రాడు ఉండేవాడు.

ఫైబర్ అంటే మామూలు కాగితం, దాని మీద జిలాటిన్‌తో కూడిన వెండి పూత. కాగితం మందు పీల్చుకుంటుంది. హైపో (బొమ్మ చెదిరిపోకుండా నిలిపే ఫిక్సర్ మందు) ఆ పీచులోకి దిగిపోతుంది, అది మొత్తం బయటికి వచ్చేదాకా కడగాలి. కుళాయి కింద అయితే గంట. ఆర్‌సీ పేపర్‌లో అదే కాగితానికి రెండు వైపులా పాలిథీన్ పొర ఉంటుంది, మందు లోపలికి దిగదు. రెండు నిమిషాలు పారే నీళ్లలో కడిగితే చాలు. డెవలపర్‌లో ఆర్‌సీ ఒక నిమిషం ఉంటే ఫైబర్‌కి రెండు నిమిషాలు కావాలి. ఆరబెడితే ఆర్‌సీ చదునుగా ఆరుతుంది, ఫైబర్ అప్పడంలా ముడుచుకుంటుంది.

వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే కనిగిరి వైపు ఇళ్లలో గంటసేపు కుళాయి వదిలి ఫోటో కడుగుతామంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? నెల్లూరులో మనకి నీళ్ల ఇబ్బంది కొంత తక్కువే అయినా, నేర్చుకునే రోజుల్లో రాత్రికి పది షీట్లు పాడుచేసే పనికి ఫైబర్ దండగ. పైగా దాని ధర ఆర్‌సీ కంటే బాగా ఎక్కువ.

ఫైబర్‌కి ఉన్న గొప్ప దానికి ఉంది. చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, నలుపులో లోతు వేరు, సరిగ్గా కడిగితే తరాలు నిలుస్తుంది. అది ఎగ్జిబిషన్‌కి, ఇంట్లో గోడ మీద తాతయ్య ఫోటోకి. ఎప్పుడైనా ఫైబర్ చేస్తే నీళ్లు ఆదా చేసే దారి ఒకటుంది: హైపో తర్వాత 5 నిమిషాలు కడగండి, లీటరు నీళ్లకి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ఉంచండి, మళ్లీ కడగండి. సల్ఫైట్ హైపోని బయటికి లాగేస్తుంది కాబట్టి గంటసేపు కడగాల్సిన పని తప్పుతుంది.

గ్రేడ్ పేపర్ కొనాలా, మల్టీగ్రేడ్ కొనాలా?

డబ్బు దగ్గర అసలు తేడా తెచ్చేది ఈ ప్రశ్నే. గ్రేడ్ అంటే పేపర్ కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా ఎంత గట్టిగా వస్తుందన్నది; అంకె పెరిగే కొద్దీ గట్టి. ఎక్కడ తేడా వస్తుందో రెండు నెగటివ్‌ల కథ చెబితే తెలుస్తుంది.

ఒకసారి ఇసకపల్లి ఉప్పు మడుల్లో మిట్ట మధ్యాహ్నం ఫోటోలు తీశాను. ఉప్పు కుప్పలు కళ్లు చెదిరే తెలుపు, గంపలు మోసేవాళ్ల ముఖాలు నీడలో నలుపు. ఆ నెగటివ్‌ని మామూలు రెండో గ్రేడ్ మీద వేస్తే ఉప్పు తెల్లకాగితంలా పోయింది, ముఖాలు బొగ్గులా వచ్చాయి. దానికి మెత్తటి గ్రేడ్ కావాలి, సున్నా లేక ఒకటి. ఇంకోసారి చీమకుర్తి గ్రానైట్ క్వారీలో మబ్బు పట్టిన రోజు తీశాను. నల్ల రాయి, బూడిద ఆకాశం, అంతా ఒకే మసక. దానికి నాలుగో గ్రేడ్ పెడితే గానీ రాతిలోని మెరుపు చుక్కలు లేచి రాలేదు.

గ్రేడ్ పేపర్ అయితే ఈ రెండు ఫోటోలకి రెండు వేర్వేరు పెట్టెలు కొనాలి. పాత స్టూడియోల్లో అలమరలో రెండు, మూడు, నాలుగు అని గ్రేడుల వారీగా పెట్టెలు వరసగా ఉండేవి అందుకే. మల్టీగ్రేడ్‌లో రెండు పనులూ ఒకే షీటు చేస్తుంది. దాని పూతలో నీలి కాంతికి స్పందించే భాగం గట్టి కాంట్రాస్ట్ ఇస్తుంది, ఆకుపచ్చ కాంతికి స్పందించే భాగం మెత్తటి కాంట్రాస్ట్ ఇస్తుంది. ఎన్లార్జర్ లైటుకి మెజెంటా ఫిల్టర్ పెడితే ఆకుపచ్చ ఆగిపోయి గట్టిగా వస్తుంది, పసుపు పెడితే నీలం ఆగిపోయి మెత్తగా వస్తుంది. 00 నుంచి 5 దాకా ఫిల్టర్లు ఉంటాయి, అర గ్రేడులతో కలిపి మొత్తం 12. ఇల్ఫర్డ్ ఫిల్టర్లతో అయితే 00 నుంచి మూడున్నర దాకా ఎక్స్‌పోజర్ (లైటు పడే సమయం) ఒకటే, 4 నుంచి పైకి సమయం రెట్టింపు చేయాలి. ఈ ముక్క తెలియక ఎన్ని షీట్లు తెల్లబోయాయో.

స్టూడియోవాళ్ల దగ్గర ఎక్కడైనా గ్రేడ్ పేపర్ తక్కువకి వస్తే, అదీ రెండో గ్రేడో మూడో గ్రేడో అయితే తీసుకోండి. కానీ మొదటి పెట్టెగా వద్దు.

ఫిల్టర్ల సెట్టు కూడా ఖరీదే కదా?

ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. లేకపోయినా పని ఆగదు. ఫిల్టర్ లేకుండా మల్టీగ్రేడ్ పేపర్ దాదాపు రెండో గ్రేడ్‌లా వస్తుంది, చాలా నెగటివ్‌లకి అది సరిపోతుంది. మీది కలర్ ఎన్లార్జర్ అయితే దాని తలలో పసుపు, మెజెంటా డయల్స్ ఉంటాయి, వేరే ఫిల్టర్లే అక్కర్లేదు. నాటకాల లైట్లకి వాడే రంగు జిలాటిన్ షీట్లతో నెట్టుకొచ్చే మిత్రుడు ఒకాయన ఉన్నారు. పసుపు బాగానే పనిచేస్తుంది, మెజెంటా మాత్రం షీటు షీటుకీ తేడా వస్తుందంటారు. కిరాణా కొట్లో దొరికే రంగు సెల్లోఫేన్ మాత్రం నమ్మకండి.

గ్లాసీనా, మ్యాటా, పెర్లా?

ధరలో పెద్ద తేడా ఉండదు, మీ ఇష్టం. గ్లాసీలో నలుపు బాగా దిగుతుంది, వేలిముద్రలూ బాగా కనిపిస్తాయి. మ్యాట్‌లో నలుపు కాస్త తేలిపోతుంది. పెర్ల్ మధ్యస్తం. నేను గ్లాసీ వాడతాను. పాత స్టూడియోల్లో ఫైబర్ గ్లాసీకి మెరుపు రావడానికి తడి ఫోటోని క్రోమ్ ప్లేటు మీద అదిమి గ్లేజింగ్ చేసేవాళ్లు. ఆర్‌సీ గ్లాసీకి ఆ బాధ లేదు, గాలికి ఆరినా మెరుస్తుంది.

ఏ సైజు కొంటే లాభం?

8×10 కొని కోసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కారణం 35 ఎంఎం నెగటివ్ కొలత. అది 2:3 నిష్పత్తి. 8×10 మీద ఫ్రేమ్ మొత్తం వేస్తే పది అంగుళాల పొడవుకి ఆరున్నర కంటే కాస్త ఎక్కువ వెడల్పే పడుతుంది, పక్కన అంగుళం పైన ఖాళీ మిగులుతుంది. ఆ ముక్కని ముందే, ఎర్ర లైటులో కోసి పక్కన పెట్టుకుంటే టెస్ట్ స్ట్రిప్పులు ఉచితంగా వచ్చినట్టే. అసలు ప్రింటుకి ఏమీ నష్టం లేదు.

సగానికి కోస్తే 5×8 షీట్లు రెండు వస్తాయి. చుట్టాలకి పంచడానికి, పోర్ట్‌ఫోలియోకి చక్కటి సైజు. విస్తీర్ణం చూస్తే 8×10 షీటు 80 చదరపు అంగుళాలు, 5×7 ముప్పై ఐదు. కాబట్టి ధర చూసేటప్పుడు షీటు ధర కాదు, చదరపు అంగుళానికి ఎంత పడిందో చూడండి. అంచులు వంకర పోకుండా కోసే కట్టర్ లేకపోతే మాత్రం 5×7 పెట్టే నయం.

కాంటాక్ట్ షీటు (నెగటివ్‌లని పేపర్ మీద నేరుగా పరిచి రోలంతా చిన్న బొమ్మలుగా వేసేది) వేయకుండా ఏ రోలూ ప్రింటింగ్‌కి తీసుకోవద్దు. ముప్పై ఆరు ఫోటోల్లో ప్రింటు చేయదగ్గవి మూడో నాలుగో ఉంటాయి, ఆ సంగతి కాంటాక్ట్‌లోనే తెలిసిపోతే మిగతా వాటి మీద పేపర్ పోదు. ఆరు ఫ్రేముల చొప్పున కోసిన ఆరు వరసలు 8×10లో పట్టవు, అంచు బయటికి పోతుంది. ఐదు ఫ్రేముల చొప్పున కోస్తే ఏడు వరసలు హాయిగా పడతాయి, 35 ఫ్రేములు.

మూతపడ్డ స్టూడియోలో పాత పేపర్ పెట్టెలు ఉన్నాయి. కొనొచ్చా?

కొనొచ్చు. కానీ ఇది లాటరీ టికెట్ కొన్నట్టు. నేను ఒకసారి చెన్నైలో ఒక షాపులో సీలు తీయని పెట్టెలు చూసి ఎగబడి నాలుగు తెచ్చుకున్నాను. సీలు తీయలేదు కాబట్టి బాగుంటుందనుకున్నాను. పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను. ఇంటికొచ్చి ఒక షీటు డెవలపర్‌లో వేస్తే లైటు తగలని అంచులతో సహా మొత్తం బూడిద రంగు. నాలుగు పెట్టెలూ అంతే. మన దగ్గర ఎండలకి ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న పేపర్ సీలు ఉన్నా, లేకపోయినా లోలోపల మసకబారుతుంది. మసక రావడం, వేగం తగ్గడం, కాంట్రాస్ట్ చచ్చిపోవడం, మూడూ కలిసే వస్తాయి. మల్టీగ్రేడ్ పేపర్లు పాత గ్రేడ్ పేపర్ల కంటే త్వరగా పాడవుతాయి.

కొనే ముందు ఒక షీటు అడిగి తీసుకుని ఇంట్లో ఈ పరీక్ష చేయండి. ఎర్ర లైటులో ఒక చిన్న ముక్క కోసి రెండు చేయండి. ఒకదాన్ని నేరుగా హైపోలో వేయండి. రెండోదాన్ని మామూలుగా డెవలపర్‌లో ఉంచి తర్వాత హైపోలో వేయండి. రెండింటికీ ఎన్లార్జర్ లైటు చూపించకూడదు. లైటు వేసి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే తెలుపు అయితే పేపర్ బతికుంది. రెండోది బూడిదగా ఉంటే పోయింది. కాస్త మసక అయితే డెవలపర్‌లో బెంజోట్రయజోల్ అనే మసక తగ్గించే మందు కలిపి కొంత సరిచేయొచ్చు, బాగా నల్లబడితే ఏ మందూ పనిచేయదు.

పరీక్షకి షీటు ఇవ్వనంటే కొనకండి. ఇచ్చి, పేపర్ బాగుంటే బేరమాడకుండా కొనండి. మసకబారిన పేపర్‌ని కూడా పారేయక్కర్లేదు. ఆకులూ పూలూ పరిచి ఎండలో గంటసేపు పెడితే డెవలపర్ లేకుండానే ఊదా, గోధుమ రంగుల్లో అచ్చులు పడతాయి. మా అన్నయ్య కూతురు ఆ నాలుగు పెట్టెలూ అలాగే వాడుకుంది.

స్టేషనరీ షాపులో "ఫోటో పేపర్" అని యాభై షీట్లు చవగ్గా అమ్ముతున్నారు...

అది ఇంక్‌జెట్ ప్రింటర్ పేపర్. దాని మీద వెండి లవణాలు ఉండవు. డెవలపర్‌లో నెలరోజులు నానబెట్టినా తెల్లగానే ఉంటుంది. వెలుగులోనే పెట్టి అమ్ముతున్నారంటే మనకి పనికిరాదని గుర్తు.

కలర్ ల్యాబ్‌లో మిగిలిన రోలు ముక్కలు ఉచితంగా ఇస్తామన్నారు.

అవి కలర్ పేపర్. ఎర్ర లైటుకి కూడా మసకబారతాయి, పూర్తి చీకట్లో పనిచేయాలి. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో ఏదో ఒక బొమ్మ వస్తుంది, నీరసంగా, రంగు తేడాగా. సరదాకి ఒకసారి చూడండి. నేర్చుకోవడానికి మాత్రం వద్దు, పేపర్ తప్పేదో మీ తప్పేదో తెలియదు.

మన ఎండల్లో పేపర్ ఎలా దాచాలి? డెవలపర్ 20 డిగ్రీలు ఉండాలంటారు, కుళాయి నీళ్లే కాలుతుంటే?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక ఫోటో పేపర్ ఎంత? పెట్టెని జిప్ కవరులో బిగించి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. మా అమ్మ ఒకసారి లోపల ఏముందో చూద్దామని నల్ల కవరు విప్పి, "ఖాళీ కాగితాలేరా" అంది. వంద షీట్లు. అప్పటి నుంచి పెట్టె మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో "తెరవొద్దు" అని రాసి ఉంటుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తెరవకండి, చల్లటి పేపర్ మీద గాలిలోని తేమ నీటి చుక్కలుగా పడుతుంది. పొద్దున బయట పెడితే రాత్రికి వాడుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు రెండు వేయండి.

మందుల వేడి విషయం. డెవలపర్ 20 దగ్గర ఉండాలన్నది కంపెనీ లెక్క. నా అనుభవంలో 24, 25 దాకా ఆర్‌సీ పేపర్ తట్టుకుంటుంది, సమయం కొంచెం తగ్గించాలి. ముప్పై దాటితే జిలాటిన్ మెత్తబడి గోరు తగిలితే గీతలు పడతాయి. డెవలపర్ ట్రేని ఇంకో పెద్ద ట్రేలో పెట్టి, ఆ పెద్ద ట్రేలో నీళ్లు పోసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన వాటర్ బాటిల్ వేయండి. ఐస్ ముక్కలు నేరుగా డెవలపర్‌లో వేస్తే అది పలచబడిపోతుంది. థర్మామీటర్ తప్పనిసరి. ఎన్ని డిగ్రీలన్నది కంటే రాత్రంతా ఒకే డిగ్రీ దగ్గర ఉండటం ముఖ్యం. మొదటి టెస్ట్ స్ట్రిప్ 22లో చేసి, అసలు ప్రింటు 28లో చేస్తే రెండూ కలవవు, షీటు పోతుంది.

నిజానికి నేను ఏప్రిల్, మే నెలల్లో ప్రింటింగే పెట్టుకోను. ఫిల్ములు కడిగి దాచుకుంటాను. డిసెంబరు, జనవరి రాత్రులు మన పండగ.

ఎర్ర జీరో బల్బు వాడుతున్నాను, సరిపోతుందా?

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. మార్కెట్లో ఎర్ర రంగు పూసిన జీరో వాట్ బల్బుల్లో కొన్ని పూత పలచగా ఉండి తెల్ల వెలుగు వదులుతాయి. మల్టీగ్రేడ్ పేపర్ ఆకుపచ్చకి కూడా స్పందిస్తుంది కాబట్టి పాత స్టూడియోల పసుపు లైటు దానికి పనికిరాదు. పరీక్ష ఇలా చేయండి: పేపర్ ముక్కకి ఎన్లార్జర్ కింద లేత బూడిద రంగు వచ్చేంత ఎక్స్‌పోజర్ ఇవ్వండి. దాని మీద ఐదు రూపాయల బిళ్ల పెట్టి, ఎర్ర లైటు కింద ఐదు నిమిషాలు వదిలేయండి. డెవలప్ చేస్తే బిళ్ల గుండ్రంగా కనిపించిందా, మీ బల్బు మోసం చేస్తోందన్నమాట. ముందు బూడిద ఎక్స్‌పోజర్ ఇవ్వకుండా పరీక్ష చేస్తే చాలాసార్లు బల్బు బాగున్నట్టే కనిపిస్తుంది, అసలు ప్రింటులో మాత్రం తెలుపు మురికిగా వస్తుంది.

ఒకే నెగటివ్, ఒకే సెకన్లు, అయినా ఒక ప్రింటు నల్లగా, ఇంకోటి తెల్లగా. పేపర్ తప్పేనా?

తొంభై పాళ్లు కరెంటు తప్పు. పాత ఎన్లార్జర్ బల్బు వోల్టేజ్‌తో పాటు ఎక్కువా తక్కువా అవుతుంది. పక్కింట్లో మోటారు వేస్తే మీ ప్రింటు తెల్లబోతుంది. ఫ్రిజ్‌కి పెట్టే మామూలు స్టెబిలైజర్‌ని నమ్ముకోవద్దు, అది మెట్లు మెట్లుగా మారుస్తుంది. సర్వో స్టెబిలైజర్ అయితే మేలు. అదీ లేకపోతే రాత్రి పదకొండు తర్వాత పని పెట్టుకోండి.

ఎన్లార్జర్‌లో వాడే పాత ఒపల్ (పాలరంగు గాజు) బల్బు దొరక్క ఎల్‌ఈడీ పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. పని చేస్తుంది, వోల్టేజ్ బాధ కూడా తగ్గుతుంది. కానీ వార్మ్ ఎల్‌ఈడీకి, కూల్ వైట్ ఎల్‌ఈడీకి నీలం పాళ్లు వేరు కాబట్టి మల్టీగ్రేడ్ కాంట్రాస్ట్ మారిపోతుంది. ఒకటి పెట్టుకుంటే దాన్నే ఉంచుకోండి. కొన్ని ఆపిన తర్వాత కూడా ఒక క్షణం మినుకుమంటాయి, చీకట్లో ఒకసారి గమనించండి.

మందుల ఖర్చు కూడా తగ్గించొచ్చా?

తగ్గించొచ్చు. కొడాక్ డి-72 ఫార్ములా అందరికీ తెలిసినదే. లీటరుకి మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, అన్‌హైడ్రస్ సోడియం కార్బోనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2. చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, ఆ తర్వాత మిగతా సల్ఫైట్, మిగిలినవి వరసగా, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి. వాడేటప్పుడు ఒక వంతుకి రెండు వంతులు నీళ్లు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట ఇవన్నీ దొరుకుతాయి.

స్టాప్ బాత్‌కి (డెవలపర్ పనిని ఆపే ద్రావణానికి) కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు, లీటరుకి 15 గ్రాములు. దీని వల్ల డెవలపర్ హైపోలోకి పోకుండా ఆగుతుంది, హైపో ఎక్కువ కాలం నడుస్తుంది. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్లలో డెవలపర్ కలపడానికి మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు వాడండి, కడగడానికి మామూలు నీళ్లు సరే. మెటాల్ కొందరి చేతులకి పడదు, చేతులు పగిలి దురద పెడుతుంది. పటకారు గానీ గ్లౌజులు గానీ వాడండి. వంటగిన్నెలు మాత్రం వద్దు, ఎంత బతిమాలినా వద్దు.

కడిగిన ఫోటోలు ఎలా ఆరబెట్టాలి?

ఆర్‌సీ అయితే తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీయండి, ముందు ఒక మెత్తటి రబ్బరు బ్లేడుతో నీళ్లు లాగేయండి. ఫైబర్ అయితే కిటికీలకి వేసే దోమల మెష్‌ని చెక్క ఫ్రేముకి బిగించి, దాని మీద బోర్లా పరచండి. నెల్లూరు దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు. తడి ప్రింటు మీద ఒకటి వాలి అతుక్కుపోయిందంటే దాన్ని గీకితే పూతతో సహా వస్తుంది. ఆరబెట్టే గదిలో ఫ్యాను వద్దు, దుమ్ము. మస్కిటో కాయిల్ పెట్టుకోండి.

కొనేది ఎక్కడ?

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ షాపులో అలమర మీద ఉండే సరుకు కాదిది. చెన్నై, ముంబై, ఢిల్లీ నుంచి కొరియర్‌లో తెప్పించుకోవాలి. అడిగేటప్పుడు పేపర్ రకం, ఫినిష్, సైజు, షీట్ల సంఖ్య నాలుగూ చెప్పండి. ఫోమా పెట్టె మీద ఫోమాస్పీడ్ వేరియంట్ 311 అంటే గ్లాసీ ఆర్‌సీ, 312 అంటే మ్యాట్. ఫోమాబ్రోమ్ అని ఉంటే అది ఫైబర్, చూడకుండా ఆర్డర్ పెడితే బాత్రూమ్‌లో గంటసేపు నిలబడాలి. కొన్ని సైజులు సెంటీమీటర్లలో ఉంటాయి, 20.3×25.4 అంటే మన 8×10.

ముగ్గురు కలిసి వంద షీట్ల పెట్టె తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు కూడా పంచుకోవచ్చు. పంచుకునేటప్పుడు డార్క్‌రూమ్‌లో లెక్కపెట్టి, అయిపోయిన పాత పెట్టెల నల్ల కవర్లలో వేసి, ఇంకో నల్ల కవరు తొడిగి ఇవ్వండి. ఆ నల్ల కవర్లు ఎప్పుడూ పారేయొద్దు. విమానంలో, రైల్వే స్టేషన్లలో ఎక్స్-రే గురించి కొందరికి టెన్షన్. ఫిల్ముతో పోలిస్తే పేపర్ చాలా నెమ్మదైన సరుకు, దానికి ఏమీ కాదు.

చీకట్లో ఏ వైపు పూత ఉందో తెలియడం లేదు.

ఎర్ర లైటులో ఏటవాలుగా పట్టుకుని చూడండి, మెరిసే వైపు. పేపర్ కొంచెం లోపలికి వంగేది కూడా పూత వైపే. మ్యాట్ అయితే మూలన కాస్త తడి వేలితో తాకండి, కాస్త జిగటగా తగులుతుంది. తిరగేసి వేస్తే మసకగా అద్దంలో చూసినట్టు బొమ్మ వస్తుంది, అందరికీ ఒకసారి జరిగేదే.

మొదటి వంద షీట్లు అయిపోయాయి. ఇప్పుడు ఇంకో పేపర్ చూడొచ్చా?

ఇప్పుడు చూడొచ్చు. అదే ఆర్‌సీ పేపర్ ఇంకో పెట్టె తెప్పించుకుని, దానితో పాటు ఫైబర్ 25 షీట్ల ప్యాకెట్ ఒకటి. మీ నోటుబుక్కులో ఏ నెగటివ్‌కి ఏ ఫిల్టర్, ఏ అపెర్చర్, ఎన్ని సెకన్లు అన్నవి రాసి ఉంటాయి కదా, వాటిలో బాగా వచ్చిన మూడు నెగటివ్‌లు తీసి, అవే ఫైబర్ మీద వేయండి. సెకన్లు మాత్రం ఆర్‌సీ లెక్కలోవి పనికిరావు, టెస్ట్ స్ట్రిప్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. తడిగా ఉన్నప్పుడు చూసి మురిసిపోవద్దు, ఫైబర్ ఆరాక ఒక పిసరు నల్లబడుతుంది. రాత్రి వేసి, పొద్దున కాఫీ తాగుతూ వెలుగులో చూడండి.